తడిసినవాళ్ళ సంఘం మొదలుపెట్టిన ముగ్గురు

గొడుగులక్క దుకాణంలో ఒకసారికి ఒక గొడుగే విప్పగలం. రెండోది విప్పాలంటే మొదటిదాన్ని ముడవాల్సిందే. ఒక పక్క గడియారాలు బాగుచేసే కొట్టు, మరో పక్క తాళంచెవులు చేసే కొట్టు, రెండింటి మధ్యా నలిగిపోతున్నట్టుగా ఈ గది. గోడల నిండా మేకులు, మేకుల నిండా ఊచలు, పిడులు, నల్లగుడ్డ ముక్కలు. బయట రేకు మీద "గొడుగులు బాగుచేయబడును" అని రాసిన అక్షరాలు వెలిసిపోయి చాలా కాలమైంది. అయినా ఆ రాత చూసి వచ్చేవాళ్ళెవరూ లేరు. ఆమె గొంతు విని వస్తారు.

ఎందుకంటే ఆమె గొడుగు ఊరికే బాగుచేసి ఇవ్వదు, నాలుగు చివాట్లు పెట్టి మరీ ఇస్తుంది. "దీన్ని గొడుగులా వాడలేదండీ మీరు, కుక్కల్ని అదిలించడానికి వాడారు," అంటుంది వంగిపోయిన కొసను చూసి. ఇంకొకరితో, "తడిగా ఉండగానే ముడిచి బీరువా వెనకాల పడేశారు కదూ. మిమ్మల్ని అలా పడేస్తే మీకూ తుప్పు పట్టేది," అంటుంది. జనం నవ్వుకుంటూ పట్టుకెళతారు. మళ్ళీ బీరువా వెనకాలే పడేస్తారు. మళ్ళీ వస్తారు.

ఆ దుకాణం వాళ్ళ నాన్నది. కూర్చునే ముక్కాలిపీట కూడా ఆయనదే. ఆయనకు ఒక్కతే కూతురు. కొడుకు లేడే అని ఎవరైనా సానుభూతి చూపిస్తే, "ఊచకి తెలుస్తుందా, వంచేది ఆడపిల్లో మగపిల్లాడో," అనేవాడు. బడి అయిపోగానే ఆమె వచ్చి ఆయన పక్కన కూర్చునేది. దారం ఎక్కించడంతో మొదలుపెట్టి, గుడ్డ కత్తిరించడం దాకా వచ్చేసరికి ఆమె చేతులకు ఆ పని పట్టుబడిపోయింది. పెళ్ళయి సిటీబస్సు డ్రైవరు ఇంటికి కాపురానికి వెళ్ళినా పొద్దున్నే వచ్చి దుకాణం తలుపులు తీయడం మానలేదు. నాన్న పోయాక ఒక్కతే నడుపుకొచ్చింది. విరిగితే పారేసి కొత్తది కొనుక్కునే చౌకరకం గొడుగులు బజారు నిండా వచ్చిపడ్డప్పుడు, ఇక నీ పని అయిపోయినట్టేనని చుట్టుపక్కల అందరూ అన్నారు. ఆ పారేసిన గొడుగులే ఏరుకొచ్చి, రెండింటిలో బాగున్న భాగాలు కలిపి ఒకటి చేసి అమ్మింది. గడియారాల కొట్టాయన కూడా ఒకటి కొన్నాడు.

ఇంత గట్టి మనిషికి మనసులో ఒక్క చోట మాత్రం ముల్లు గుచ్చుకుని ఉండేది. అది తడిసినవాళ్ళ సోదర సంఘం.

ఆ సంఘం గురించి కాస్త చెప్పుకోవాలి. అందులో అధ్యక్షుణ్ణి అధ్యక్షుడు అనరు, "పెద్ద మబ్బు" అంటారు. కార్యదర్శి "ఉరుము". మామూలు సభ్యులు "చినుకులు". సభ మొదలయ్యే ముందు పెద్ద మబ్బు నెత్తిన ఒక చెంబెడు నీళ్ళు పోస్తారు. ఆయన తల తుడుచుకోకుండానే మాట్లాడాలి. వానలో ఒంటరిగా తడుస్తూ ఎవరు కనిపించినా, ముక్కూ మొహం తెలియకపోయినా, సగం గొడుగు ఇచ్చి గమ్యం దాకా దిగబెట్టాలి. ఇచ్చిన గొడుగు తిరిగి రాకపోతే అడగకూడదు. ఈ చాదస్తం వెనక అసలు పని కూడా ఉంది. వీధుల్లో నీళ్ళు నిలిచినప్పుడు రోగుల్ని ఆసుపత్రికి మోసుకెళ్ళింది ఈ సంఘమే. బస్టాపులకు రేకుల పైకప్పులు వేయించింది కూడా ఈ సంఘమే. తొలి వాన పడ్డ తర్వాత వచ్చే ఆదివారం చినుకులందరూ గొడుగులు విప్పుకుని ఊరేగుతారు, ఎండ మండిపోతున్నా సరే. ఆ ఊరేగింపు ముందర "తల్లి గొడుగు" నడుస్తుంది. అది మూడు పాత గొడుగులు కలిపి కట్టిన పెద్ద గొడుగు. మూడు తలలంటే భూమి, ఆకాశం, నీరు అని ఎవరో పెద్దమనిషి ఒకసారి ఉపన్యాసంలో అర్థం చెప్పాడు. ఆ తర్వాత అందరూ అదే చెప్పడం అలవాటు చేసుకున్నారు.

ఆ తల్లి గొడుగుకి ఏటా కుట్లు సరిచేసేది గొడుగులక్క. భూమి, ఆకాశం అని ఎవరైనా తన ముందు అంటే ఆమె నోట్లో సూది పెట్టుకుని ఊరుకునేది.

ఆ ఏడు సంఘానికి యాభై ఏళ్ళు నిండుతున్నాయి. తల్లి గొడుగును ఎప్పుడూ సంఘం నౌకరు తెచ్చేవాడు, ఈసారి పెద్ద మబ్బే స్వయంగా భుజాన వేసుకుని తెచ్చాడు. ఆయన పళ్ళ డాక్టరు. నున్నటి బట్టతల. చెంబెడు నీళ్ళు నెత్తిన పోస్తే ఒక్క చుక్క కూడా నిలవకుండా జారిపోయేది కనుక, ఆయన్ని ఎన్నుకున్నది అందుకేనని చినుకులు చెవులు కొరుక్కునేవాళ్ళు.

"ఈసారి దీన్ని పెళ్ళికూతురిలా తయారుచెయ్యాలమ్మా," అన్నాడు డాక్టరు. "హాలు ముందు రాయి నిలబెడుతున్నాం. సంఘం మొదలుపెట్టిన మహానుభావుడి పేరు చెక్కిస్తున్నాం."

"ఎవరి పేరు డాక్టరుగారూ?"

"ఇంకెవరిది? బట్టల షావుకారుగారిది. మన హాలు ఆయన ఇచ్చిందే కదా, గోడ మీద పటం చూడలేదూ?"

గొడుగులక్క నోట్లోంచి సూది తీసి పీటకు గుచ్చింది. "హాలు ఇచ్చింది ఆయనే. కాదనను. మొదలుపెట్టింది మాత్రం ఆయన కాదు. మా నాన్న, ఇంకో ఇద్దరు."

డాక్టరు నవ్వలేదు, కసురుకోలేదు. అక్కడున్న స్టూలు మీద కూర్చున్నాడు. "ఇన్నేళ్ళూ మరి ఎందుకు చెప్పలేదమ్మా?"

"ఎవరూ అడగలేదు. మీరు గొడుగు పంపించేవారు, నేను కుట్టి పంపించేదాన్ని. ఆడదాన్ని, మీ సంఘంలో అడుగుపెట్టే వీలు లేదు. ఏ గుమ్మం దగ్గర నిలబడి చెప్పను?"

డాక్టరు చాలాసేపు తన బట్టతల నిమురుకున్నాడు. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదని ఆయనకు తెలుసు. కానీ షావుకారు కొడుకే ఇప్పుడు సంఘానికి ఉరుము. మనిషి మెతక, మాట నెమ్మది. వాళ్ళ నాన్న పేరు చెక్కించాలని ఎంతో ముచ్చటపడుతున్నాడు. ఒక్క మాట పట్టుకుని వెళ్ళి అతని ముందు ఎలా పెట్టడం?

"మీరు కాక ఇది తెలిసినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?" అన్నాడు చివరికి.

"ఒకావిడ ఉండాలి," అంది గొడుగులక్క. "బతికుంటే."

ఆ సాయంత్రం భర్తకు కంచం పెడుతూ సంగతంతా చెప్పింది. డ్రైవరుకు మామగారంటే ఇష్టమే కానీ, గొడవలంటే పడదు.

"రాయి మీద పేరు లేనంత మాత్రాన మీ నాన్న తక్కువైపోతాడా?"

"తక్కువవడు. రాయే తక్కువైపోతుంది, లేనిపోనిది మోస్తూ."

డ్రైవరు పప్పు కలుపుకున్నాడు. భార్య ఆ గొంతుతో మాట్లాడిందంటే బ్రేకు వేసినా బండి ఆగదని అతనికి తెలుసు. "ఇంతకీ ఆవిడ ఆనవాలేమిటి?"

"ఇస్త్రీ అత్త అనేవాళ్ళం. వీధి వెడల్పు చేసినప్పుడు ఆవిడ పాక తీసేశారు. ఎటు వెళ్ళిందో తెలీదు. కాలరు మడత సరిగ్గా లేకపోతే దారినపోయేవాణ్ణి కూడా ఆపి తిట్టేది."

డ్రైవరు ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. "మా డిపో యూనిఫారాలు ఉతికే లాండ్రీలో ఒక ముసలావిడ ఉందిట. చొక్కా తీసుకోవడానికి వెళితే, కాలరు నలిపావని నిలబెట్టి కడిగేసిందని మా కండక్టరు చెప్పి ఏడ్చాడు."

మర్నాడు దుకాణం తలుపులకు తాళం వేసి గొడుగులక్క ఆ లాండ్రీకి వెళ్ళింది. లోపల గుండ్రటి కిటికీల యంత్రాలు గిరగిరా తిరుగుతున్నాయి. యజమానురాలు ముసలావిడ మనవరాలట. యంత్రాలన్నిటికీ దూరంగా ఒక మూల, బల్ల వేసుకుని, పాతకాలపు బొగ్గుల ఇస్త్రీపెట్టెతో ముసలావిడ చేతిరుమాళ్ళు ఇస్త్రీ చేస్తోంది. ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. ఆ నడుము వంగింది కానీ, పెట్టెను ఎత్తి దించే చెయ్యి అదే.

"అత్తా," అంది గొడుగులక్క.

ముసలావిడ మొహం చూడలేదు. చేతులు చూసింది. "ఆ బొటనవేలు ఎక్కడో చూశాను. ఊచలు వంచీ వంచీ పక్కకు తిరిగిపోయింది. నువ్వు గొడుగులాయన కూతురివి."

వెనకటిలా తనను తండ్రి పేరుతో గుర్తుపట్టిన మనిషి గొడుగులక్కకు ఇన్నేళ్ళలో ఎవరూ తగల్లేదు. బల్ల పక్కన కూర్చుని, వచ్చిన పని చెప్పింది.

"నేను రాను," అంది ఇస్త్రీ అత్త, రుమాలు తిరగేస్తూ.

"ఎందుకని?"

"ఒకసారి వచ్చాను కనుక. హాలు తెరిచిన రోజున. అప్పటికి మీ నాన్న లేడు, అచ్చుల బాబాయీ లేడు. ముగ్గురి తరఫునా నేనొక్కదాన్నే కదా అని మంచి చీర కట్టుకుని వెళ్ళాను. గుమ్మం దగ్గర ఒకతను, 'ఇది సోదర సంఘం అమ్మా, ఆడవాళ్ళకు లేదు' అన్నాడు. మర్యాదగానే చెప్పాడే. గదమాయిస్తే నాలుగు తిట్టి లోపలికి పోయేదాన్ని. మర్యాదగా చెప్పేసరికి ఏం చెయ్యాలో తోచక వెనక్కి వచ్చేశాను."

అచ్చుల బాబాయి అంటే అచ్చాఫీసులో సీసం అక్షరాలు పేర్చిన కంపోజిటరు. నాన్నకు ప్రాణస్నేహితుడు. గొడుగులక్క చిన్నప్పుడు ఆమె పేరును అక్షరాలుగా పేర్చి అరచేతిలో పెట్టేవాడు, అద్దంలో చదువుకోమని.

"సోదర అనే మాట వచ్చింది కనుకే కదా అత్తా ఇదంతా," అంది గొడుగులక్క. "ముగ్గురిలో నువ్వూ ఉండగా ఆ పేరెందుకు పెట్టారో మా నాన్న ఎప్పుడూ చెప్పలేదు."

ఇస్త్రీ అత్త పెట్టెను నిలబెట్టి మొదటిసారి నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. "చెప్పడు. స్నేహితుడి పరువు. మేం అనుకున్నది 'తడిసినవాళ్ళ సంఘం' అనే. కార్డులు అచ్చు వేస్తానని ఆ పిచ్చాయన వెళ్ళాడు. వేరే ఎవరిదో 'సోదర సంఘం' కరపత్రం తాలూకు అక్షరాలు అప్పటికే పేర్చి ఉన్నాయట. వాటిని విడగొట్టడానికి బద్ధకించి, ముందు 'తడిసినవాళ్ళ' అని తగిలించి కొట్టేశాడు. అడిగితే, 'ఒక మాట ఎక్కువైతే నష్టమేమిటమ్మా' అన్నాడు. చూడు, ఎంత పని చేసిందో ఆ ఒక్క మాట."

ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు. మనవరాలు యంత్రం ఆపి ఏమైందోనని తొంగిచూసింది.

నవ్వు తగ్గాక గొడుగులక్క మెల్లగా అంది. "మా నాన్న కోసమైనా రా అత్తా."

"మీ నాన్న కోసమైతే రాను. పేరు లేదని ఆయన బెంగపడే మనిషి కాదు." ముసలావిడ ఆరిపోతున్న బొగ్గుల్ని ఊదింది. "కానీ అచ్చుల బాబాయి ఉన్నాడే, ఊళ్ళో అందరి పేర్లూ అచ్చు వేశాడు. పుట్టినవాళ్ళవీ, పెళ్ళయినవాళ్ళవీ, పోయినవాళ్ళవీ. ఆయన పేరు మాత్రం ఎక్కడా అచ్చు కాలేదు. పోయినప్పుడు కూడా వెయ్యలేదు. ఆయన కోసం వస్తాను. ఏ రోజు?"

సభ రోజు సాయంత్రం ఇద్దరూ హాలు గుమ్మం దగ్గరికి వెళ్ళారు. ఇస్త్రీ అత్త అంచు నలగని చీర కట్టుకుంది. గుమ్మం దగ్గర నిలబడే మనిషి నోరు తెరిచేలోపే పళ్ళ డాక్టరు లోపలినుంచి వచ్చాడు. అప్పుడే చెంబెడు నీళ్ళు పోశారేమో, చొక్కా కాలరు తడిసి ఉంది. ఆయన ముసలావిడ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి తన కుర్చీలో కూర్చోబెట్టాడు. హాల్లో గుసగుసలు బయలుదేరాయి. ఎదురుగా గోడ మీద షావుకారు పటం, దాని కింద కుర్చీలో ఆయన కొడుకు.

"మా నాన్నగారు మొదలుపెట్టలేదని చెప్పడానికి వచ్చారటగా," అన్నాడు ఉరుము. మాట వినపడీ వినపడనట్టుంది. కోపం కన్నా బాధే ఎక్కువగా ఉంది అందులో.

"నేను జరిగింది చెబుతాను నాయనా. తర్వాత నువ్వే చెప్పు," అంది ఇస్త్రీ అత్త.

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. సాయంత్రం పూట ఒక్కసారిగా కుండపోత. మూసి ఉన్న బట్టల కొట్టు ముందు రేకుల చూరు కిందికి ముగ్గురు పరిగెత్తారు. ఒకరికొకరు ఎవరో తెలియదు. ఒకాయన చంకలో గొడుగుల కట్ట. ఇంకొకాయన చేతిలో అచ్చు ఆరని కార్డులు. తన నెత్తిన ఇస్త్రీ చేసిన బట్టల మూట.

"'ఇన్ని గొడుగులు పెట్టుకుని తడుస్తారేమిటండీ' అని కార్డులాయన నవ్వాడు. 'అన్నీ విరిగినవే. బాగున్నవైతే జనం దగ్గరుంటాయి, నా దగ్గర ఎందుకుంటాయి' అన్నాడు గొడుగులాయన. అలా మాటలు కలిశాయి. ఇంతలో వీధికి అటువైపు ఒక ముసలాయన, చంకలో మనవరాలితో నీళ్ళలో చిక్కుకుపోయాడు. పిల్లకు జ్వరం. అరుస్తున్నాడు. గొడుగు లేకుండా పిల్లను తీసుకురావడం ఎలా? ఒక్కో గొడుగులో సగమే పనికొస్తుంది. నా మూట తాడు విప్పి ఇచ్చాను. మీ నాన్న" అని గొడుగులక్క వైపు చూసింది, "మూడు గొడుగుల్ని బాగున్న వైపులు పైకి వచ్చేలా పేర్చి కట్టాడు. కిందకి ముగ్గురం దూరి మోకాళ్ళ నీళ్ళలో నడిచి వెళ్ళాం. ముసలాయన్నీ పిల్లనీ తెచ్చాం. అంతలో ఇంకొకరు పిలిచారు. తర్వాత ఇంకొకరు. వాన తగ్గేదాకా అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాం. మూడు తలల గొడుగంటే అదే. భూమీ లేదు, ఆకాశమూ లేదు."

హాల్లో ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. ఉపన్యాసం చెప్పిన పెద్దమనిషి అక్కడే ఉన్నాడు. ఆయన కూడా నవ్వాడు.

"మరి మా నాన్నగారు?" అన్నాడు ఉరుము.

"మీ నాన్న అప్పటికి షావుకారు కాదు. ఆ కొట్లో గుమాస్తా. తలుపు సందులోంచి తల పెట్టి, 'ఇక్కడ నిలబడకండి, యజమాని చూస్తే నన్ను తిడతాడు' అని కసురుకున్నాడు. సరే అన్నామే కానీ మేం కదల్లేదు. ముసలాయన్ని, జ్వరం పిల్లను తెచ్చాక చూరు కింద చోటు చాల్లేదు. అప్పుడు లోపలినుంచి గొళ్ళెం తీసిన చప్పుడు. తలుపులు బార్లా తెరిచాడు. అందర్నీ లోపలికి రమ్మన్నాడు. పిల్లను చుట్టమని కొట్లో ఉన్న యజమాని సరుకు, కొత్త తాను చింపి ఇచ్చాడు. ఉద్యోగం పోతుందని తెలిసే ఇచ్చాడు. పోయింది కూడా. ఆ రోజు మాతో చేరిన మొదటి మనిషి మీ నాన్నే. మొదటి చినుకు."

ఉరుము వెనక్కి తిరిగి, తల ఎత్తి పటం వైపు చూశాడు.

"ఆయన ఎప్పుడూ ఒక మాట అనేవాడు," అన్నాడు, గొంతు సవరించుకుని. "ఎవరైనా పొగిడితే, 'మొదలుపెట్టింది నేను కాదయ్యా, నేను తలుపు తీశానంతే' అనేవాడు. మేమంతా వినయమనుకున్నాం. పెద్దమనిషి, అలాగే అంటాడులే అనుకున్నాం." కాస్త ఆగి, "నిజమే చెప్పాడన్నమాట," అన్నాడు. ఈసారి ఆ మాట వెనక వరసవాళ్ళకు కూడా వినిపించింది.

తర్వాత జరిగింది సభలా లేదు, పెళ్ళివారి పందిట్లో కబుర్లలా ఉంది. సోదర అనే మాట ఎలా వచ్చిందో ఇస్త్రీ అత్త చెప్పేసరికి కుర్చీలు కదిలిపోయేలా నవ్వారు. ఒక కంపోజిటరు బద్ధకం వల్ల ఊళ్ళో సగంమందిని యాభై ఏళ్ళు గుమ్మం బయట నిలబెట్టామా అని డాక్టరు తల పట్టుకున్నాడు. ఆ నవ్వులోనే ఆ నియమం కొట్టుకుపోయింది. దాన్ని ఎత్తేయాలని ఎవరూ తీర్మానం కూడా పెట్టలేదు. ఒక పాత చినుకు మాత్రం లేచి, "అయితే పేరు మార్చాలా?" అని అడిగాడు.

"వద్దు," అంది ఇస్త్రీ అత్త. "ఆ బద్ధకం కూడా ఆయన గుర్తే. ఉండనివ్వండి."

రాయి సంగతి మిగిలింది. దాని మీద షావుకారు పేరు చెక్కడం అప్పటికే అయిపోయింది. చెరిపేద్దామని ఉరుమే అన్నాడు. అప్పుడు గొడుగులక్క లేచి నిలబడింది.

"చెరపొద్దండీ. ఉద్యోగం పోగొట్టుకుని తలుపు తీసిన మనిషి పేరు రాయి మీద ఉండాల్సిందే. రాయికి రెండో పక్క కూడా ఉంది కదా. దాన్ని గోడకు ఆనించకుండా ముంగిట్లో నిలబెట్టండి. ఒక పక్క మొదలుపెట్టిన ముగ్గురు, ఇంకో పక్క తలుపు తీసినాయన. ఒక్కటే అడుగుతాను. అక్షరాలన్నీ ఒకే సైజులో ఉండాలి."

రాయి చెక్కే మనిషి దగ్గరికి ఆమె రోజూ వెళ్ళింది. నాన్న పేరులోని మొదటి అక్షరం రాయి మీద లేచిన రోజున, వేలితో దాని ఒంపు వెంట తడిమి చూసింది. రాతి పొడి వేలికి అంటుకుంది. ఇంటికెళ్ళేదాకా తుడుచుకోలేదు. అచ్చుల బాబాయి పేరు చెక్కేటప్పుడు ఇస్త్రీ అత్తను ఆటోలో తీసుకొచ్చింది. ముసలావిడ కళ్ళద్దాలు పెట్టుకుని, తప్పులున్నాయేమోనని అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. "అచ్చుతప్పులు లేవు. ఆయనైతే ఒకటైనా పెట్టేవాడు," అంది. తర్వాత తన పేరు దగ్గరికి వచ్చింది. చెంగుతో రాయి మీద దుమ్ము దులిపింది, ముడతలు తీస్తున్నట్టుగా, పైనుంచి కిందికి.

తొలి వాన పడింది. ఆ తర్వాతి ఆదివారం ఎండ కాసింది. గొడుగులన్నీ విప్పుకుని ఊరేగింపు బయలుదేరింది. తల్లి గొడుగు కర్రను గొడుగులక్క పట్టుకుంది. దాని నీడలో ఇస్త్రీ అత్త చక్రాల కుర్చీలో కూర్చుంది. కుర్చీ తోసింది ఉరుము. ముసలావిడ దారి పొడవునా అతని కాలరు మడత గురించి ఏదో చెబుతూనే ఉంది, అతను వింటూనే ఉన్నాడు. దుకాణాల వీధి దాటుతుండగా గడియారాల కొట్టాయన, తాళంచెవుల కొట్టాయన గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. తమ పక్కన ఇన్నేళ్ళుగా చివాట్లు పెడుతూ కూర్చున్న మనిషి ఊరేగింపుకి ముందు నడుస్తుంటే వాళ్ళు పని వదిలేసి చూశారు.

పెద్ద వీధి మలుపులో ఊరేగింపు వెనక ఒక సిటీబస్సు చిక్కుకుపోయింది. డ్రైవరు హారను కొట్టలేదు. గేరు తగ్గించి, గొడుగుల వెనకాలే నత్తనడకన నడిపాడు. లోపల జనం సణిగారు. కిటికీలోంచి ఒకాయన, "ఏమిటయ్యా ఇది, ఎవరిదీ ఊరేగింపు?" అన్నాడు.

"మా మామగారి సంఘం," అన్నాడు డ్రైవరు స్టీరింగు ముందు నిటారుగా కూర్చుని. "ముందు గొడుగు పట్టుకున్నది మా ఆవిడ. తొందర పని ఉంటే దిగి నడిచి వెళ్ళండి, నేను మాత్రం దాటించను."

ఎవరూ దిగలేదు. కొందరు తొంగిచూసి ఎవరెవరో అడిగి తెలుసుకున్నారు. డ్రైవరు తెలిసినంతా చెప్పాడు. తెలియనిది కూడా కాస్త కలిపే చెప్పి ఉంటాడు.

ఆ ఏడాదే ఆడవాళ్ళు సంఘంలో చేరారు. లాండ్రీ నడిపే మనవరాలు మొదట చేరింది. మరో రెండేళ్ళకు పాత ఉరుము తనంత తానే తప్పుకుని, ఇలాంటి పదవికి నాకన్నా గట్టి గొంతు ఉండాలని అందరి ముందూ చెప్పి, గొడుగులక్క పేరు ప్రతిపాదించాడు. అప్పటినుంచి సంఘానికి ఉరుము ఆమే. పొద్దున దుకాణం, సాయంత్రం హాలు. కొత్త చినుకులు చేరినప్పుడల్లా వాళ్ళను ముంగిట్లో రాయి చుట్టూ నిలబెట్టి, ఆ వానరోజు కథ చెప్పడం ఆమె పని. ఆమె చెప్పే కథలో నీళ్ళు మోకాళ్ళ దగ్గర ఆగవు, నడుము దాకా వస్తాయి. గాలికి చూరు రేకులు ఎగిరిపోతాయి. ఉరుములకు కిటికీ అద్దాలు పగులుతాయి.

ఇస్త్రీ అత్త కుర్చీ ఎప్పుడూ మొదటి వరసలోనే ఉంటుంది. ఒకసారి ఆమె ఉండబట్టలేక చెయ్యి ఎత్తింది. "అంత వాన కాదే అమ్మాయ్. నేను అక్కడే ఉన్నాగా. అందులో సగం కొయ్యి."

"ఆ సగం మా నాన్న చెప్పింది అత్తా," అంది గొడుగులక్క, "కొయ్యను," అని, రేకులు ఎగిరిపోయిన చోటినుంచి మళ్ళీ అందుకుంది.